బొటనవేలి గుంట

గింజ జారిపోలేదు. నాకు భయం మొదలైంది సరిగ్గా అక్కడే.

ఈ సాయంత్రం వసారాలో చాప మీద కాళ్ళు చాపుకుని చెనిక్కాయలు ఒలుస్తున్నాను. ఏడో నెల కడుపుతో కాళ్ళు ముడుచుకుని కూర్చోవడం కష్టంగా ఉంది. నాలుగేళ్ళ మా చిన్నది ఒలిచిన గింజలు తీసుకుని నా కాలి మీద సేద్యం మొదలుపెట్టింది. మోకాలి కింద బొటనవేలితో నొక్కడం, ఒక గింజ పెట్టడం, కాస్త కిందికి జరిగి మళ్ళీ నొక్కడం. ఈ ఆట దానికి కొత్త కాదు. ఎప్పుడూ గింజ పెట్టగానే దొర్లిపోయేది, అది నవ్వేది. ఈవేళ నవ్వలేదు.

"అమ్మా, నీ చేన్లో ఇత్తనం నిలబడిండాది చూడు" అంది.

చూశాను. దాని చిన్న వేలు చేసిన గుంటలో గింజ కుదురుగా కూర్చుని ఉంది. దాని కింద ఇంకొకటి. గింజలు తీసేశాను. గుంటలు అట్లాగే ఉన్నాయి.

పొద్దున పక్కింటి బీబమ్మ గోడ మీంచి చూసి, "ఈసారి బాగా ఒళ్ళు చేసినావు బిడ్డా, మొగం నిండుగా ఉండాది" అంది. ఆ మాటకు నేను సంతోషపడ్డాను కూడా.

ఇప్పుడు పిల్లలిద్దరూ నిద్రపోతున్నారు. ఆయన హైదరాబాదులో ఉన్నారు. కర్నూలు నుంచి రాజధాని తరలిపోయినప్పుడు ఆఫీసు బీరువాలతోపాటు గుమాస్తాలూ తరలిపోయారు. అక్కడ ఇల్లు దొరకగానే మమ్మల్ని తీసుకుపోతానన్నారు. మా వీధిలో సగం ఇళ్ళకు తాళాలు వేలాడుతున్నాయి. నిద్ర పట్టదని తెలిసి దీపం దగ్గర కూర్చున్నాను. రాయాలనిపించింది నా కాళ్ళ గురించి కాదు. ఆ గుంటలు చూడగానే నాకొక బొటనవేలు గుర్తొచ్చింది. ఆ వేలు ఎవరిదో ఆమె గురించి.

కమలాపురం దగ్గర మా పుట్టినూరికి వచ్చే నర్సమ్మ ఆమె. ఎదురుగా అందరూ "నర్సమ్మా" అనేవాళ్ళు. వెనక "ఉచ్చ ఉడికించే ఆమె" అనేవాళ్ళు. ఆ రెండో పేరు ఆమెకు తెలుసు. తెలియడమే కాదు, నచ్చింది కూడా. "నర్సమ్మ అంటే ఏ నర్సమ్మ అంటారు. ఆ పేరు చెప్తే ముసిలోళ్ళు గూడా నేను యాడుండానో చూపిస్తారు" అనేది.

పెద్ద మనిషి. పెద్ద గొంతు. మగవాళ్ళు పట్టుకునే నల్లగొడుగు, చంకలో ఒక బిస్కెట్ల డబ్బా. కూర్చోమని ఎవరైనా అనకముందే కూర్చునేది. ఆ డబ్బాలో ఏముందో చూడాలని ఊళ్ళో ఆడవాళ్ళందరికీ ఆశ. ఒక స్పిరిట్ దీపం, ఒక చిన్న సీసాలో ఘాటు వాసన వేసే ఆసిడ్, కొన్ని సన్నటి గాజుగొట్టాలు. పగలకుండా ఆ గొట్టాలను పసిపిల్లల ఉన్ని మేజోళ్ళలో దూర్చి పెట్టేది. ఎవరో దొరసాని పేదపిల్లలకు పంచమని తన దేశం నుంచి తెప్పించి ఇచ్చిందట. "మా కడప ఎండలకు ఇవి తొడిగితే పిల్లోళ్ళు ఉడికిపోతారు. నా గొట్టాలకు మాత్రం కొలిచి కుట్టినట్ల సరిపోయినాయి" అని నవ్వేది.

ఆమె మనిషి మొహం చూడకముందు కాళ్ళు చూసేది. కడుపుతో ఉన్నామె కనిపిస్తే బావి దగ్గరైనా, కళ్ళంలోనైనా కూర్చోబెట్టి, చీర కుచ్చిళ్ళు కాస్త పైకి జరిపి, కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కేది. గోరు కండ దాకా కత్తిరించి ఉండేది, నొక్కితే నొప్పి పుట్టేది కాదు. నొక్కి వేలు తీసి, ఇక ఆ కాలితో తనకేం పని లేనట్టు పైకి చూస్తూ గొంతులోనే ఏదో చర్చి పాట కూనిరాగం తీసేది. కాసేపయ్యాక కిందికి చూసేది. చర్మం నున్నగా ఉంటే పాట సాగేది, పాటలోనే "లేచి పో" అనేది. గుంట అట్లాగే ఉంటే పాట ఆగిపోయేది. మా ఊళ్ళో ఆడవాళ్ళు ఆమె మాటకంటే ఆ పాటనే ఎక్కువ కనిపెట్టేవాళ్ళు.

తర్వాత ప్రశ్నలు. అవి ఎప్పుడూ మారవు.

"తలకాయ నొప్పిగా ఉండాదా? ఉంగరం బిగువైనాదా? కండ్ల ముందర మిణుగురులు ఆడుతాండాయా?"

"పట్టపగలు మిణుగురులేంది నర్సమ్మా?" అని నవ్వేవాళ్ళు.

"నేను అడుగుతాండేది గూడా అదే మే. పట్టపగలు."

ఆమె మాట ప్రతిదీ వేదమని నేననను. రోట్లో నూరే ఊరుబిండి పచ్చడి వాసన వస్తే చాలు, ఏ ఇంటి ముందైనా ఆమెకు కాళ్ళ నొప్పులు వచ్చేవి. మంత్రసానులతో వీధిలో నిలబడి పోట్లాడేది. నాకు కాలేజీలో సీటు వచ్చిందని తెలిసినప్పుడు, "పుస్తకం మీద వంగి వంగి నీ నడుము బిగుసుకుపోతాది. రేపు నీ కాన్పుకు నేనే చావాల" అంది. నా మొదటి కాన్పు ఏ ఇబ్బందీ లేకుండా అయ్యాక ఆ మాట గుర్తుచేశాను. రవ్వంత కూడా తడబడలేదు. "అయితే నువ్వు సరిగ్గా చదవలేదన్నమాట" అంది.

మా ఇంట్లో ఆమెకు వేరే గ్లాసు ఉండేది. చూరులో, దూలానికి పక్కన బోర్లించి పెట్టేవాళ్ళం. ఆమె వస్తే మా అమ్మ దాన్ని కిందికి దించి, తాకకుండా పైనుంచి నీళ్ళు పోసేది. తాగి, తానే కడిగి, తానే చూరులో పెట్టుకునేది. అప్పట్లో అదంతా మాకు గాలి పీల్చినంత మామూలు.

నేను కాలేజీ సెలవులకు ఇంటికి వచ్చిన ఒక ఎండాకాలం మా వదినకు ఎనిమిదో నెల. వదిన కోసిగి వైపు నుంచి వచ్చిన పిల్ల. పెళ్ళినాటికి ఈనెపుల్లలా ఉండేది. వానలు లేని సీమ, అక్కడ ఎవరిని చూసినా ఎముకలే కదా. ఆ వేసవి వదిన మొహం గుండ్రంగా అయింది. చేతులు, కాళ్ళు నిండాయి. గాజులు కదలడం మానేశాయి. వచ్చిన ప్రతి ముత్తైదువా, "ఏం తినబెడతాండావక్కా, మీ కోడలు ఇంత ఒళ్ళు చేసింది!" అని మా అమ్మను అడిగేది. అమ్మ గొంతు తగ్గించి, "మా ఇంట్లో తిండికేం తక్కువలే" అనేది. కోడలి ఒళ్ళు అంటే అత్తగారి పరువు. ఆ వేసవి మా అమ్మ పరువు వదిన కాళ్ళలోనే ఉంది.

నర్సమ్మ వచ్చింది. కూర్చుంది. వదిన కాలు నొక్కింది. దూలం వైపు చూస్తూ పాట ఎత్తుకుంది. కిందికి చూసింది. పాట ఆగింది.

"రెడ్డెమ్మా, ఇది ఒళ్ళు గాదు. నీళ్ళు" అంది.

అమ్మకు కోపం వచ్చింది. "మా పిల్ల తిని సుఖంగా ఉంటే నీకు నీళ్ళుగా కనపడతాండాదా?"

"నాకేం కనపడేది? ఉడికిస్తే దానికే కనపడతాది. రేపు పొద్దున లేస్తానే పోసే మొదటి ఉచ్చ పట్టి పెట్టండి. నేనొస్తా. పట్టేదానికి ఏదన్నా గిన్నె ఇయ్యి."

వంటింటి గిన్నె ఇవ్వడానికి అమ్మకు మనసొప్పలేదు. అటూ ఇటూ చూసి, చూరులోని గ్లాసు దించి ముందర పెట్టింది. నర్సమ్మ ఆ గ్లాసునూ అమ్మనూ మార్చి మార్చి చూసింది.

"అది నేను నీళ్ళు తాగేది గదమ్మా. అంటు మీకొక్కరికేనా? నాకూ ఉండాది" అని దాన్ని తీసి మళ్ళీ చూరులో పెట్టి, తన డబ్బాలోంచి ఒక ఖాళీ సీసా ఇచ్చి వెళ్ళిపోయింది. నేను నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పరుగెత్తాను.

ఆ రాత్రి అమ్మకు ఇంకో భయం పుట్టింది. వెంట్రుక, గోరు, ఉచ్చ, ఇవి పరాయి చేతికి పోతే చేతబడి చేస్తారని మా వైపు గట్టి నమ్మకం. కడుపుతో ఉన్న కోడలిది అసలే ఇవ్వకూడదు. ఇవ్వకపోతే ఆ గొంతు వీధంతా వినపడుతుంది. ఆలోచించి ఆలోచించి అమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. పొద్దున్నే కొట్టంలోకి వెళ్ళి, పాలిచ్చే మా ఎనుము తోక ఎత్తేదాకా కాచుకుని, ఆ సీసా నింపింది.

నర్సమ్మ వచ్చి వసారాలో దుకాణం పరిచింది. దీపం వెలిగించింది. గాజుగొట్టంలో కొంచెం పోసి పై భాగాన్ని మంట మీద అటూ ఇటూ ఆడించింది. ఇరుగుపొరుగంతా చేరి చూస్తున్నారు. ఏదో తెల్లగా మబ్బేసింది. ఆసిడ్ చుక్క వేసింది. గొట్టంలోది బుస్సున నురగతో పొంగి ఆమె వేళ్ళ మీద పడింది. నర్సమ్మ వాసన చూసుకుంది. వదినను తల నుంచి కాళ్ళ దాకా చూసింది.

"ఏం పాపా, మీ అత్త నీకు ఎండుగడ్డి ఏస్తాండాదా? తవుడు గూడా కలుపుతాండాదా?"

వసారా అంతా గొల్లుమంది. అమ్మ మొహం చూడాలి. ఈ కథ మా పిల్లలకు నోటికొచ్చు. ఎనుము ఉచ్చ కథ చెప్పమని అన్నం తినేటప్పుడు రోజూ అడుగుతారు. "బుస్సు" అన్నచోట ఇద్దరూ కలిసి అరుస్తారు. కానీ నేను వాళ్ళకు ఎప్పుడూ అక్కడితో ఆపేస్తాను.

ఆ తర్వాతిది ఇది. అందరూ నవ్వుతుంటే వదిన నవ్వలేదు. గుంజ పట్టుకుని నిలబడి, నేల చూస్తూ, "ఆడుతాండాయి నర్సమ్మా" అంది.

"ఏంది?"

"మిణుగురులు. పగలే. శానా దినాల నుంచి. పని ఎగ్గొట్టేదానికి చెప్తాండానని అనుకుంటారని చెప్పలే."

ఎవరికీ నవ్వు మిగల్లేదు. వదిన తానే వచ్చి, సీసా తీసుకుని కడుక్కుని, పెరట్లోకి వెళ్ళి వచ్చింది. కొంగు కింద దాచలేదు.

ఈసారి గొట్టం వేడెక్కేకొద్దీ పైనుంచి తెల్లబడుతూ వచ్చింది. ఆసిడ్ చుక్క వేసినా పొంగలేదు, తేరుకోలేదు. విరిగిన పాల మాదిరి ముద్దకట్టింది. నర్సమ్మ ఆ వేడి గొట్టాన్ని అమ్మ ముందుకు చాపి, "పట్టుకో" అంది. అమ్మ కొంగు చుట్టుకుని పట్టుకుంది. వెలుతురుకు ఎత్తి చూసింది. కాసేపు అట్లాగే చూసి, వెనక్కి తిరిగి మా అన్నతో, "బండి కట్టు నాయనా" అంది.

కమలాపురం స్టేషనుకు బండి, అక్కణ్ణించి కడపకు రైలు. కడప ఆస్పత్రిలో వదినను చీకటి గదిలో పడుకోబెట్టారు. ఉప్పు లేని కూడు పెట్టారు. వదిన నొప్పులకంటే ఆ చప్పిడి కూటినే ఎక్కువ తిట్టుకుంది. బిడ్డ నెలలు నిండకముందే పుట్టాడు, వక్కాకు సంచంత ఉన్నాడు. దూదిలో చుట్టి పెట్టారు. ఇప్పుడు వాడు అదే ఎనుము దూడ మీద ఎక్కి చెరువుకు పోతాడు.

నేను వదినకు తోడుగా కడపలో ఉన్నప్పుడు నర్సమ్మ ఒకసారి చూడ్డానికి వచ్చింది. ఆస్పత్రి వరండాలో ఆమె పక్కన కూర్చుని, నాకు ఎప్పటినుంచో ఉన్న సందేహం అడిగాను. సీసా తీసుకుపోయి తన గదిలో ఉడికించుకోవచ్చు కదా, ప్రతి ఇంటి వసారాలో పదిమంది ముందర ఈ తతంగం ఏంటికి?

ఆమె గొడుగు కొనతో నేల గీకింది.

"ఒక ఊర్లో నిండు కడుపుతో ఉండే ఒకామెకు ఇట్లనే కాళ్ళు వాచి ఫిట్సు వచ్చినాయి. గాలి సోకిందని ఏపమండలతో కొడతాండ్రంట. నాకు కబురొచ్చి నేను పోయేతలికి కొట్టడం ఆపేసినారు."

ఎందుకు ఆపారో అడగబోయి, అర్థమై ఊరుకున్నాను.

"గాలి ఎవురికీ కనపడదు కాలేజీ పాపా. అందుకే అందరూ నమ్ముతారు. ఇది కనపడతాది. నా మాట నమ్మాల్సిన పని ల్యా. కండ్లుంటే చాలు."

అని మళ్ళీ ఎప్పటి మాదిరి కూనిరాగం ఎత్తుకుంది. బెంచీ మీద కాళ్ళు చాపుకుని ఉంది. నాకేం బుద్ధి పుట్టిందో, ఆమె చేసినట్టే చేద్దామని వంగి ఆమె కాలి ఎముక మీద నా బొటనవేలు నొక్కాను. తీసి చూశాను. గుంట పడింది. లోతుగా, నిండకుండా ఉండిపోయింది.

పాట ఆగింది.

కాళ్ళు లోపలికి లాక్కుని చీర కిందికి దించుకుంది. "నాది నడిచి నడిచి వచ్చిన వాపులే. నా కడుపులో ఎవురుండారు, భయపడేదానికి?" అంది. నవ్వింది కూడా. ఆ మాటలో ఎంత ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమెకు పెళ్ళయిందా, పిల్లలు పుట్టారా, పుట్టి పోయారా? మా కాళ్ళన్నీ చూసిన మనిషి గురించి మేమెవరం ఏమీ అడగలేదు. ఆ ఒక్కసారి అడిగింది నా వేలు మాత్రమే.

పోయిన వేసవిలో అమ్మ కర్నూలు వచ్చినప్పుడు, మాటల మధ్యలో, నర్సమ్మ పోయిందని చెప్పింది. ఎట్లా పోయిందంటే, "కాళ్ళు, మొగం బాగా వాచినాయంట. యాడ పోయిందో, ఎవురు చూసినారో" అంది. ఇంకాసేపటికి తనంతట తానే, "ఆ గ్లాసు కిందికి దించి తోమి పెట్టినా. ఎవురికియ్యాలో తెలీలే" అంది.

మా అమ్మ ఇప్పుడు ఊళ్ళో కడుపుతో ఉన్న ఏ కోడలినీ వదలదట. వదిన చెప్పింది. పెళ్ళికి వెళ్ళినా, చావుకి వెళ్ళినా, పలకరింపుకంటే ముందు వంగి కాలు నొక్కుతుందట. పాట రాదు కాబట్టి, నొక్కి వేలు తీశాక "నారాయణా, నారాయణా" అంటుందట. అమ్మ ఇక్కడ ఉండి ఉంటే నా కాలి వాపును ఎప్పుడో పట్టేసేది.

దీపం ఒత్తి కాస్త తగ్గించాను. గోడ వైపు చూస్తే చుక్కలు కనిపిస్తున్నాయి. ఇంతసేపు దీపాన్ని చూసినందుకా, మిణుగురులా? కళ్ళు మూసుకుని మళ్ళీ చూశాను. తేల్చుకోలేకపోయాను. తల బరువుగా ఉంది, కానీ అది సాయంత్రం నుంచి పడుతున్న భయం వల్ల కూడా కావచ్చు. ఉంగరం లాగి చూశాను. కణుపు దగ్గర ఆగిపోయింది. పోయిన నెల సబ్బు లేకుండానే వచ్చింది.

వంటింట్లో గరిటె ఉంది, ఆసిడ్ బదులు పిండడానికి నిమ్మకాయ ఉంది, పొయ్యిలో నిప్పు ఉంది. ఇప్పుడే ఉడికించి చూసుకుందామా అని లేచాను. మళ్ళీ కూర్చున్నాను. నా మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్ళినప్పుడు ఆమె నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పింది: "పొద్దున లేస్తానే మొదటిది. మధ్యలోది నమ్మొద్దు. నీకు నువ్వే చూసుకుని నీకు నువ్వే మంచిగా ఉండాదని చెప్పుకోవద్దు. చదువుకున్నోళ్ళు ఆ పని బాగా చేస్తారు." కాబట్టి ఈ రాత్రికి చేయవలసింది ఏమీ లేదు, కాచుకోవడం తప్ప. తలనూనె సీసా ఒకటి కడిగి, వేడినీళ్ళలో మరిగించి, బోర్లించి పెట్టాను. కడుపులో బిడ్డ కదులుతోంది. కదిలినప్పుడల్లా రాయడం ఆపి, చెయ్యి పెట్టుకుని, మళ్ళీ రాస్తున్నాను.

తెల్లవారింది. జట్కాకు చెప్పి పంపాను. అది వచ్చేలోగా ఈ నాలుగు ముక్కలు కూడా రాస్తున్నాను. బీబమ్మ పిల్లలను చూసుకుంటానంది. నా మొహం చూసి, "రాత్రంతా నిద్రపోలేదా బిడ్డా?" అని మాత్రం అడిగింది. ఒళ్ళు మాట ఎత్తలేదు.

సీసా మూత బిగించి, మా వైపు ఆడవాళ్ళందరూ చేసినట్టే కొంగు కింద పెట్టుకోబోయాను. అప్పుడే పిల్లలు లేచి వచ్చారు. పెద్దోడు కళ్ళు నులుముకుంటూ సీసా వైపు చూశాడు.

"ఏందమ్మా అది? నూనెనా?"

ఔనంటే సరిపోయేది. సీసా బయటికి తీసి వాళ్ళ ముందు మెట్టు మీద పెట్టాను. చిన్నదాన్ని దగ్గరికి లాక్కున్నాను.

"నూనె కాదు నాయనా. నా ఉచ్చ. పెద్దాస్పత్రికి తీసుకుపోతాండా. ఆడ దీన్ని ఉడికిస్తారు. నీళ్ళ మాదిరే ఉంటే మధ్యాన్నానికి వచ్చేస్తా. పాలు ఇరిగినట్ల తెల్లగా అయితే నన్ను కొన్నాళ్ళు ఆడనే పండబెడతారు. అప్పుడు నాయనకు తంతి కొట్టిస్తా, అమ్మమ్మ వస్తాది. ఏదైనా సరే మీకు కబురు పంపిస్తా. అబద్ధం చెప్పను."

పెద్దోడు కింది పెదవి కొరుక్కుంటూ నా పాదాల వైపు చూశాడు. చిన్నది సీసా దగ్గరికి వంగి, ఒక కన్ను మూసి, లోపలికి పరీక్షగా చూసింది. తర్వాత తల ఎత్తి చాలా అనుమానంగా అడిగింది.

"ఎనుముది కాదు గదమ్మా?"

"కాదు తల్లీ, అమ్మదే" అని చెప్పాను.